మోకాళ్ల చప్పుడు సంగతి సరే, ఆ గజ్జ నొప్పి మాటేమిటి?

ప్రశ్న: అక్కా, నాకు 39 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బు ఉంది. ఏడాది నుంచి లేచినా కూర్చున్నా మోకాళ్లు, చీలమండలు పటపటమంటున్నాయి. పొద్దున్నే కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి మంచం దిగడానికే పావుగంట పడుతోంది. మా ఆయన "నీకన్నా ముందు నీ మోకాళ్లు వస్తాయి" అని నవ్వుతారు, నాకేమో ఏడుపొస్తుంది. న్యూరాలజిస్ట్ ఎముకల డాక్టర్‌ని కలవమన్నారు. ఆయన మోకాళ్ల ఎక్స్‌రే చూసి గుజ్జు కాస్త అరిగింది, మిగతాదంతా మీ నరాల వల్లే అన్నారు. వేడినీళ్ల స్నానం మోకాళ్లకి హాయిగా ఉంటుంది కానీ, రెండుసార్లు స్నానం చేసి బయటికొచ్చాక కాళ్లు తేలిపోయి కళ్లు మసకబారాయి. మళ్లీ ఎం.ఎస్. ఎటాక్ వచ్చిందేమోనని హడలిపోయాను. కండరాల బిగుతు తగ్గడానికిచ్చిన బాక్లోఫెన్ మాత్ర వేసుకుంటే నీరసంగా ఉందని నేనే సగానికి తగ్గించాను. ఎం.ఎస్. నా కీళ్లని కూడా తినేస్తోందా? వ్యాయామం చేస్తే ఇంకా అరిగిపోతాయా? అన్నట్టు, ఈ మధ్య మెట్లెక్కేటప్పుడు కుడి గజ్జలో కూడా నొప్పి వస్తోంది, అదీ ఇందులో భాగమేనా? ఇప్పటిదాకా మూడుసార్లు స్టిరాయిడ్ డ్రిప్‌లు పెట్టారు.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఇదే జబ్బుతో 16 ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని. నా మోకాళ్లూ మాట్లాడతాయి. రాత్రిపూట మెట్లు దిగుతుంటే ఎండుపుల్లలు విరిచినట్టు ఒక్కో మెట్టుకీ ఒక్కో చప్పుడు, అందరూ పడుకున్నాక ఇంట్లో ఎవరు నడుస్తున్నారో మావాళ్లు లైటు వేయకుండానే చెప్పేస్తారు.

అయితే ముందు మోకాళ్ల గురించి కాదు. నీ ఉత్తరమంతా చప్పుడు మీదే ఉంది, చివర్లో "అన్నట్టు" అని ఒక్క మాట గజ్జ నొప్పి గురించి అనేసి వదిలేశావు, దాని వెనకే మూడుసార్లు స్టిరాయిడ్ డ్రిప్‌లు అన్నావు. ఆ రెండూ పక్కపక్కన చదివేసరికి నాకు మిగతా ఉత్తరం కనిపించలేదు. ఎటాక్ వచ్చినప్పుడు మనకి మామూలుగా రోజుకి ఒక గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎక్కిస్తారు కదా, అది పెద్ద డోసు. అలా స్టిరాయిడ్లు తీసుకున్న కొద్దిమందిలో తుంటి ఎముక తల, అంటే తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగం, దానికి రక్తం సరిగ్గా అందక కొంత మేర ఎముక చచ్చుబడుతుంది. ఆ నొప్పి తరచుగా మొదలయ్యేది గజ్జలోనే, కొందరికి తొడలోకో మోకాల్లోకో దిగుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. పైగా నీకు తీసింది మోకాళ్ల ఎక్స్‌రే, తుంటి వైపు ఇంకా ఎవరూ చూడనేలేదు. నీది అదేనని నేననట్లేదు, కండరం పట్టేసినా గజ్జలో నొప్పి రావచ్చు, తుంటి కీలు అరిగినా రావచ్చు. కానీ ఎముక తల కుంగిపోకముందే తెలిస్తే చేయడానికి దారులు ఎక్కువుంటాయి, కుంగాక తక్కువ. కాబట్టి వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకు, ఈ వారమే ఫోన్ చేయి. చేసినప్పుడు "కాళ్లు నొప్పులు" అని చెప్పకు, అలా చెబితే మళ్లీ నరాల దగ్గరికే వెళ్తుంది కథ. "మూడుసార్లు స్టిరాయిడ్లు ఎక్కించుకున్నాను, బరువు మోపితే కుడి గజ్జలో నొప్పి, తుంటికి ఎంఆర్ఐ అవసరమా" అని ఈ మాటల్లోనే అడుగు. ఆ పనిలో పనిగా ఎముకల సాంద్రత పరీక్ష, విటమిన్ డి సంగతి కూడా అడుగు.

సరే, ఇప్పుడు చప్పుళ్లు. మెటికలు విరిస్తే వచ్చే శబ్దం ఎముకలు రాసుకోవడం కాదు. కీలులో ఉండే జిగురు ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి, కీలు గబుక్కున సాగినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి ఒక బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది, ఆ క్షణంలోనే టప్‌మంటుంది. 2015లో వేళ్లని ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి, లాగుతూ, ఇది జరుగుతుండగానే చిత్రాలు తీశారు. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్లీ విరగదు చూడు, దాదాపు 20 నిమిషాలు పడుతుంది. డోనాల్డ్ ఉంగర్ అనే అమెరికా డాక్టర్‌కి చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని చెబుతుండేవారట, ఆయన దాన్ని మనసులో పెట్టుకుని 50 ఏళ్ల పాటు ఎడమచేతి మెటికలు మాత్రం రోజూ విరిచి, కుడిచెయ్యి జోలికి పోకుండా, చివరికి రెండు చేతులకీ తేడా ఏమీ లేదని 1998లో ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. దానికి 2009లో ఇగ్ నోబెల్ బహుమతి, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి, కూడా ఇచ్చారు. ఒక్క మనిషి మీద చేసిన పరీక్ష పెద్ద రుజువేమీ కాదులే, కానీ పెద్దవాళ్ల మాట మీద అంత పంతం పట్టిన మనిషిని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

మోకాళ్లలో ఇంకో రకం కూడా ఉంటుంది, ఇసుక నలిగినట్టు కరకరమనేది. మోకాలి చిప్ప మీద అరచెయ్యి పెట్టి కాలు మెల్లగా చాపితే చేతికే తెలుస్తుంది. అది చిప్ప కింద నునుపు తగ్గినందువల్ల కావచ్చు. చీలమండ దగ్గరైతే ఒక్కోసారి స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటిది, ఎముక మీంచి జారి టక్‌మంటుంది. నొప్పి, వాపు లేకుండా వచ్చే చప్పుడుకి సాధారణంగా వైద్యం అక్కర్లేదు. చప్పుడుతో పాటు నొప్పి ఉన్నా, మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోయినా, నడుస్తుంటే హఠాత్తుగా లొంగిపోయినా అప్పుడు చూపించుకోవాలి. "గుజ్జు అరిగింది" అన్న మాట విని బెంబేలెత్తకు, 40కి దగ్గరపడ్డాక ఎక్స్‌రే తీస్తే కొద్దో గొప్పో అరుగుదల కనిపించేవాళ్లు చాలామంది, అందరికీ నొప్పులుండవు.

ఎం.ఎస్. కీళ్లని తినదు. అది మెదడు, వెన్నుపాము, కంటినరంలో నరాల మీదుండే మైలిన్ పొరని దెబ్బతీస్తుంది, కీలు జోలికి వెళ్లదు. కానీ నడక మార్చేస్తుంది, మారిన నడక కీళ్ల మీద పడుతుంది. ఇద్దరు డాక్టర్లూ నిన్ను బంతిలా అటొకరు ఇటొకరు విసురుకుంటున్నారంటే, ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారన్నమాట.

అన్నీ జబ్బు ఖాతాలో రాసేయడం మన అందరికీ ఉన్న రోగమే. నాకు ఆరేళ్ల క్రితం ఎడమ భుజం పట్టేసింది. ఆ చెయ్యి ఎలాగూ బలహీనంగా ఉండేది కాబట్టి ఎం.ఎస్. అనుకున్నాను, నన్ను చూసే డాక్టర్ కూడా అదే అన్నారు, ఇద్దరం కలిసి ఏడు నెలలు ఊరుకున్నాం. జాకెట్ హుక్ పెట్టుకోలేక, తల దువ్వుకోవడానికి మెడ వంచి దువ్వెన దగ్గరికి తల తీసుకెళ్లే స్థితి వచ్చాక ఒక ఫిజియోథెరపిస్ట్ చూసి, ఇది ఎవరికైనా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. కదిలించి వదులు చేసుకోవాల్సిన రోజుల్లో చెయ్యి కదపకుండా కూర్చున్నాను కాబట్టి మళ్లీ పైకి లేవడానికి ఏడాది పట్టింది. జబ్బున్నవాళ్లకి మామూలు రోగాలు రాకూడదని ఎక్కడా రాసిలేదుగా.

నీ బిగుతు సంగతికొస్తే, అందులో కనీసం రెండు రకాలు కలిసి ఉన్నాయని నా అనుమానం. ఒకటి నరాల నుంచి వచ్చేది, స్పాస్టిసిటీ. కండరానికి వదులవ్వమని పైనుంచి రావాల్సిన కబురు సరిగ్గా అందక అది బిగుసుకునే ఉంటుంది. దీన్ని గుర్తుపట్టే పద్ధతి ఏమిటంటే, నిన్ను పడుకోబెట్టి వేరేవాళ్లు నీ మోకాలిని చాలా నెమ్మదిగా మడిస్తే లొంగుతుంది, అదే గబుక్కున మడిస్తే మధ్యలో ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోతుంది. రెండోది కీలు బిగుతు, దానికి వేగంతో పనిలేదు, ఎంత నెమ్మదిగా వంచినా అక్కడికొచ్చి ఆగుతుంది. ఎక్కువసేపు కూర్చుని లేస్తే పట్టేసి, నాలుగడుగులు వేసేసరికి వదులవుతుంది. అరుగుదల వల్ల వచ్చే పొద్దుటి బిగుతు మామూలుగా అరగంటలోపే సర్దుకుంటుంది. గంట దాటినా వదలకపోతే, వేళ్ల కణుపులు వాచి వెచ్చగా ఉంటే అది ఇంకో కథ, కీళ్లవాతం రక్తపరీక్షలు చేయించాలి. నువ్వు పావుగంటే అన్నావు, వాపు మాట ఎత్తలేదు, కాబట్టి ఆ టెన్షన్ ప్రస్తుతానికి పెట్టుకోకు.

స్పాస్టిసిటీ గురించి నాకు చాలా ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. శరీరంలో ఎక్కడ ఏ ఇబ్బంది ఉన్నా అది కాళ్లలో బిగుతుగా బయటపడగలదు. మూత్రాశయం నిండినా, మలబద్ధకం ఉన్నా, బొటనవేలి గోరు లోపలికి పెరిగినా, చెప్పు బిగుతుగా ఉన్నా. ఒకసారి నాకు రెండు రోజులు కాళ్లు చెక్కల్లా అయిపోయి, ఇక చక్రాల కుర్చీయే అని రాత్రంతా లెక్కలు వేసుకున్నాను. చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. మంట లేదు, జ్వరం లేదు, కాళ్లు మాత్రమే చెప్పాయి. యాంటీబయాటిక్ వేసుకున్నాక నాలుగో రోజుకి నా కాళ్లు నాకు తిరిగొచ్చాయి. అందుకని హఠాత్తుగా బిగుతు పెరిగితే ముందు మూత్రపరీక్ష చేయించుకో. నీ పొద్దుటి బిగుతులో నిండిన మూత్రాశయం వాటా ఎంతో కూడా ఒకసారి గమనించు, బాత్రూంకి వెళ్లొచ్చాక సగం తగ్గుతోందా?

ఒక్క వారం నోట్‌బుక్‌లో రాసి చూడు, పెద్ద వ్యాసాలు వద్దు. ఎన్నింటికి, ఏ కీలు, ఎంతసేపు, అప్పుడు ఉక్కగా ఉందా, మాత్ర వేసుకుని ఎన్ని గంటలైంది, అంతే. ఆ ఒక్క పేజీ ఇద్దరు డాక్టర్లకీ ఒకటే చూపించు.

వేడినీళ్ల గురించి నువ్వు అంత హడలిపోవక్కర్లేదు. 1890లో ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్, ఎం.ఎస్. ఉన్నవాళ్లకి శ్రమపడ్డాక చూపు మసకబారి మళ్లీ మామూలవుతోందని రాశాడు. అసలు కారణం ఒళ్లు వేడెక్కడమని తర్వాత తేలింది. మైలిన్ ఊడిన నరం ఎలాగో తంటాలు పడుతూ కబురు మోస్తూ ఉంటుంది, ఒంట్లో వేడి కాస్త పెరిగితే ఆ మోయడం కూడా తడబడుతుంది. చల్లబడితే తిరిగొస్తుంది, కొత్తగా నరం దెబ్బతిన్నట్టు కాదు. ఒకప్పుడు ఈ జబ్బు ఉందో లేదో తేల్చడానికి మనిషిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి చూసేవారు కూడా, నువ్వు తెలియకుండా నీ ఇంట్లో ఆ పరీక్షే చేసుకున్నావు. ఎటాక్ అనాలంటే జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటివేమీ లేకుండా కొత్త లక్షణం కనీసం 24 గంటలు ఉండాలి. నీ మసక చూపు చల్లబడ్డాక ఎంతసేపటికి పోయిందో నువ్వు రాయలేదు, కాసేపట్లోనే పోయి ఉంటే అది ఊథాఫ్ ఖాతాలోదే. పోకుండా ఉండిపోతే మాత్రం వెంటనే న్యూరాలజిస్ట్‌కి చెప్పాలి.

చిక్కేమిటంటే కీళ్లు వేడి కోరతాయి, నరాలు చల్లదనం కోరతాయి. స్విమ్మింగ్ పూల్‌లో చేసే వ్యాయామాలు కూడా అంతే, కీళ్లనొప్పులవాళ్ల కోసం నీళ్లు వెచ్చగా ఉంచుతారు, మనకేమో 29 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిదంటారు. నేను చేసుకున్న రాజీ ఇది: స్నానం గోరువెచ్చటి నీళ్లతో, స్టూల్ మీద కూర్చుని. వేడి కావాలంటే ఒక్క మోకాలికే కాపడం, పది పదిహేను నిమిషాలు, అప్పుడు మెడ మీద తడిగుడ్డ. ఇంకో జాగ్రత్త, స్పర్శ తగ్గిన చోట కాపడం పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే వేడిని స్పర్శ బాగున్న చేత్తో చూసుకుని, మధ్యలో గుడ్డ వేసి పెట్టు. నేను ఎడమ పిక్క మీద హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని టీవీ చూస్తూ కూర్చున్నాను, ఏమీ అనిపించలేదు, తీసేసరికి రూపాయి బిళ్లంత బొబ్బ. ఇప్పటికీ మచ్చ ఉంది.

బాక్లోఫెన్ విషయంలో నిన్ను కొంచెం తిట్టాలి. దాన్ని హఠాత్తుగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించడం, వినిపించడం జరగొచ్చు, తగ్గించాలన్నా మెల్లమెల్లగా, డాక్టర్ చెప్పినట్టు తగ్గించాలి. ఇంతకీ నీ పొద్దుటి బిగుతు పెరిగింది మాత్ర సగం చేశాకా, ముందేనా? నోట్‌బుక్‌లో మొదటి లైను అదే రాయి. ఇకనుంచి నీ అంతట నువ్వు ఇంకా తగ్గించకు, మళ్లీ ఒక్కసారిగా పూర్తి డోసుకి కూడా వెళ్లకు, ఫోన్ చేసి చేసిన పని చెప్పేయి. వాళ్లు వేళలు మార్చవచ్చు, రాత్రి డోసు సర్దవచ్చు, వేరే మందుకి మార్చవచ్చు. నీ ఫిర్యాదు మాత్రం నిజమే. బలం తగ్గిన కాళ్లని ఆ బిగుతే ఒక్కోసారి నిలబెడుతుంది, మందుతో అది పూర్తిగా పోతే కాళ్లు మెత్తబడి కూలబడతాం. ఎంత బిగుతు ఉంచుకోవాలి, ఎంత వదిలించుకోవాలి అన్నది డాక్టర్‌తో కూర్చుని బేరమాడుకోవాల్సిన విషయం. నొప్పి మాత్రలు కూడా సొంతంగా రోజూ వేసుకోవద్దు, స్టిరాయిడ్లతో కలిస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం మరీ ఎక్కువ.

నడక సంగతి. నీ పాత చెప్పులు తిరగేసి చూడు. ఒక చెప్పు ముందుభాగం, వేళ్ల దగ్గర, ఎక్కువ అరిగి ఉంటే ఆ పాదం సరిగ్గా పైకి లేవట్లేదని, నేలకి రాసుకుంటోందని అర్థం. పాదం లేవకపోతే మనిషి తుంటిని పైకెత్తి, కాలిని పక్కనుంచి తిప్పి వేస్తాడు, రోజుకి కొన్ని వేలసార్లు. తుంటి, నడుము, మోకాలు ఎందుకు మొరాయిస్తాయో వేరే చెప్పాలా? ఇంకొకటి, నిలబడినప్పుడు మోకాలు పడిపోతుందన్న భయంతో దాన్ని వెనక్కి విరిచినట్టు లాక్ చేసి నిలబడతాం. నేను స్టవ్ ముందు అలాగే నిలబడేదాన్ని, నాకు తెలియనే తెలియదు. మీ ఆయన మోకాళ్ల మీద జోకులేస్తున్నారుగా, ఆయనకో పని చెప్పు: నువ్వు పొద్దున ఒకసారి, అలసిపోయాక సాయంత్రం ఒకసారి నడుస్తుంటే పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయమను. ఫిజియోథెరపిస్ట్ గదిలో పది అడుగులు ఎవరైనా బాగానే వేస్తారు, ఆ సాయంత్రం వీడియోలోనే అసలు నడక ఉంటుంది. పాదం లేపి పట్టే స్ప్లింట్ అవసరమంటే సిగ్గుపడకుండా వేసుకో. చేతికర్ర ఇస్తే నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుని ఆ కాలి మీదకే ఒరుగుతారు.

వ్యాయామం వల్ల అరిగిపోవు. మృదులాస్థికి, అదే అందరూ గుజ్జు అనేదానికి, సొంత రక్తనాళాలు లేవు. స్పాంజిని నొక్కి వదిలినట్టు, బరువు పడి తీసినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది, కదలకపోతేనే దానికి తిండి లేదు. మన జబ్బువాళ్లని ఒకప్పుడు కదలొద్దు, అలసిపోతారు అనేవారు. 1996లో 15 వారాల ఏరోబిక్ శిక్షణ ఇచ్చి చూసిన పరిశోధనలో రోగుల దమ్ము, బలం పెరిగాయని తేలాక ఆ మాట మెల్లగా మారింది. కాకపోతే కుడి గజ్జ సంగతి తేలేదాకా మెట్లు, గెంతులు, ఆ కాలి మీద బరువు మోపే వ్యాయామాలు వద్దు. ఈలోపు మంచం మీద చేసేవి చాలు. లేచే ముందు పడుకునే చీలమండలు పైకీ కిందకీ ఓ ఇరవైసార్లు, మోకాలు ఒక్కోటి నెమ్మదిగా మడిచి చాపడం, పాదానికి తుండు తగిలించి వేళ్లు నీ వైపు వచ్చేలా లాగి అరనిమిషం నుంచి నిమిషం పాటు అలాగే పట్టడం. గజ్జలో నొప్పి తగిలితే అక్కడే ఆపు. ఎగరేసి లాగకు, ముందు చెప్పాను కదా, వేగమంటే స్పాస్టిసిటీకి పడదు. పిక్క వదులయ్యేటప్పుడు దానంతటదే కొంచెం జారినట్టు తెలుస్తుంది, ఆ క్షణం కోసం ఆగు. గజ్జ బాగానే ఉందని తేలితే కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టు, తొడ కండరం గట్టిపడితే మోకాలి చిప్ప మీద భారం తగ్గుతుంది. ఒకేసారి అరగంట కాకుండా ఐదేసి నిమిషాలు, రోజులో చల్లగా ఉండే వేళల్లో. మర్నాటికి కూడా నొప్పి మిగిలి ఉంటే అంతకుముందు రోజు ఎక్కువ చేశావన్నమాట, కొంచెం తగ్గించు, మానకు.

ఏడుపొస్తుందన్నావు చూడు, అది మీ ఆయనకి చెప్పావా? ఆయన తేలిక చేయడానికే జోకేస్తూ ఉండొచ్చు, కానీ నీకు ప్రతి చప్పుడూ జబ్బు అడుగుల చప్పుడులా వినిపిస్తోందని ఆయనకి ఎలా తెలుస్తుంది. మా ఇంట్లో నేను చెప్పాకే మానారు, తర్వాత కొన్నాళ్లకి నేనే ఆ జోకు వేయడం మొదలుపెట్టాను.

ముందు ఆ ఫోన్ చేయి. తుంటి గురించి ఏమన్నారో, స్నానం తర్వాత చూపు ఎన్ని నిమిషాలకి తేటపడిందో రెండు లైన్లు రాసి పంపు. చీలమండలు ఇంకా పటపటమంటున్నాయో లేదో రాయకపోయినా ఫర్వాలేదు.